ఆకు తెల్లబడలేదు, అయోడిన్ నల్లబడలేదు: కర్నూలు జిల్లా హైస్కూల్లో ఒక పిండిపదార్థ పరీక్ష

కర్నూలు జిల్లాలో తుంగభద్ర పక్కనున్న ఒక ఉన్నత పాఠశాల. పదో తరగతి జీవశాస్త్రం ప్రాక్టికల్. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే పరీక్ష: ఆకును మరిగే నీళ్లలో ముంచి, వేడి స్పిరిట్‌లో పచ్చదనం తీసి, అయోడిన్ వేస్తే పిండి ఉన్నచోట నీలినలుపు రావాలి. ఆరు జట్లు ఆరు ఆకులు తెచ్చుకున్నాయి: రెండు చిక్కుడు, ఒకటి గోంగూర, ఒకటి కానుగ, ఒకటి గన్నేరు, ఒకటి ఉల్లిగడ్డ మడిలోంచి పీకిన ఉల్లికాడ. గంట అయ్యేసరికి ఆరు పింగాణీ పళ్లేల్లో ఏ ఒక్కదాంట్లోనూ పుస్తకంలో చెప్పిన నీలినలుపు రంగు రాలేదు. చిక్కుడు ఆకులు మురికి ఆకుపచ్చగా ఉండిపోయాయి. గోంగూర ముదురు గోధుమరంగుకు తిరిగింది. గన్నేరుకైతే చీమ కుట్టినట్టు కూడా లేదు. రికార్డులో "అయోడిన్ పాతబడింది, ఫలితం రాలేదు" అని రాసి మూసేయబోయారు.

అయోడిన్ పాతబడలేదు. అది తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. మధ్యాహ్న భోజనం వంటగదిలో వార్చిన గంజి ఒక చెంచా తెచ్చి, చల్లార్చి, దానిమీద అదే సీసాలోని అయోడిన్ ఒక చుక్క వేశారు. వెంటనే సిరాలా నీలం పట్టింది. ఈ పని ప్రాక్టికల్ మొదట్లోనే చేయాలి. గంజి లేకపోతే ఒక అన్నం మెతుకు, అదీ లేకపోతే బంగాళాదుంప ముక్క. మెతుకు మీద పనిచేసిన అయోడిన్ ఆకు మీద పనిచేయలేదంటే తప్పు ఆకు దగ్గరో, ఆకుకు మనం చేసిన పనిలోనో ఉందన్నమాట. అక్కడినుంచి వెనక్కి నడవాలి.

వెనక్కి నడిస్తే తేలినవి ఇవి.

పచ్చదనం తీయడానికి వాడింది స్పిరిట్ కాదు, పాత శానిటైజర్. అదీ చేతులకు రాసుకునే జిగురు రకం. సీసా మీద డెబ్బై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని ఉంది. నీళ్లు వంటగదిలో కాచి, స్టీలు క్యానులో మేడమీదికి తెచ్చి, బీకర్లలో పోసి, టెస్ట్ ట్యూబులు దించారు. థర్మామీటరు పెట్టి చూస్తే అప్పటికి నీళ్లు 62 డిగ్రీలే. ఇక మూడోది, అన్నిటికన్నా పెద్దది: ఆకును ముందు మరిగే నీళ్లలో ముంచే పని ఎవరూ చేయలేదు. "ఎలాగూ స్పిరిట్‌లో ఉడుకుతుంది కదా, రెండుసార్లు ఎందుకు" అనుకున్నారు. చాలా బళ్లలో ఇదే అనుకుంటారు, ఇదే దాటేస్తారు.

ఆ మొదటి ముంచు ఎందుకో కొంచెం నిదానంగా చూడాలి. బతికున్న ఆకు కణాల చుట్టూ పొరలున్నాయి, పైన మైనపు పూత ఉంది. మరిగే నీళ్లలో ముప్పై సెకన్ల నుంచి ఒక నిమిషం ఉంచితే పొరలు దెబ్బతిని స్పిరిట్‌కూ, తర్వాత అయోడిన్‌కూ దారి దొరుకుతుంది. ఎంజైములు చచ్చిపోతాయి కాబట్టి ఆకులో ఉన్న పిండి అక్కడికక్కడే ఆగిపోతుంది, ఇక కరిగి చక్కెరగా మారదు. పిండి రేణువులు 60 నుంచి 75 డిగ్రీల మధ్య నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఉబ్బిన పిండి అయోడిన్‌ను త్వరగా పట్టుకుంటుంది. ఈ మూడూ ఒక్క నిమిషం ముంచుతోనే అవుతాయి. ఐదు నిమిషాలు ఉడకబెడితే ఇంకా మంచిదేమో అనుకోకండి. ఆకు పప్పులో కూరలా మెత్తబడి, పటకారుతో ఎత్తితే ఊడిపోతుంది.

ముంచింది సరిపోయిందో లేదో చూసి తెలుసుకోవచ్చు. సరిగ్గా ముంచిన ఆకు వడలిన తోటకూరలా వేలాడుతుంది, పచ్చదనం ఒక్కసారి ఇంకాస్త ముదురుగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఇంకా బిరుసుగా నిలబడితే చాలలేదు.

రెండో విడతలో ఒకే చిక్కుడు ఆకును నడిమి ఈనె వెంట బ్లేడుతో రెండుగా కోశారు. ఒక సగం పాత పద్ధతిలోనే: ముంచకుండా, జిగురు శానిటైజర్‌లో, 62 డిగ్రీల నీళ్లలో. రెండో సగం నిమిషం ముంచి, తడి అద్ది, మెడికల్ షాపులో కొన్న సర్జికల్ స్పిరిట్ 10 మి.లీ.లో, చుట్టూ 85 డిగ్రీల నీళ్లు పెట్టి. రెండో సగం ఆరు నిమిషాల్లో పాలమీగడ రంగుకు వచ్చింది. మొదటి సగం పన్నెండు నిమిషాలైనా ఎండుటాకు పచ్చలోనే ఉంది. చల్లార్చి అయోడిన్ వేస్తే రెండో సగం అంతా నేరేడుపండు నలుపు. మొదటి సగంలో మాత్రం బ్లేడు కోసిన అంచు వెంబడి దారమంత సన్నటి నల్లగీత, మిగతా అంతా బురద రంగు. ఈ గీతే అసలు సాక్ష్యం. పిండి ఆకులో ఉంది. కోసినచోట మాత్రమే అయోడిన్ లోపలికి వెళ్లగలిగింది. మిగతాచోట దారి లేదు, ఉన్న కాస్త రంగునూ పచ్చదనం కప్పేసింది.

ఇలా సగాలు చేసి పోల్చడం ఏ తరగతిలోనైనా చేయొచ్చు. వేర్వేరు చెట్ల ఆకులతో పోలిస్తే తేడా ఆకుదా, పద్ధతిదా అని ఎప్పటికీ తేలదు.

ఏ స్పిరిట్, ఎంత

ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితం అణువుకు ఫైటాల్ అనే పొడవాటి తోక ఉంటుంది. అది నూనెలాంటిది, నీళ్లతో కలవదు. అందుకే గంటసేపు నీళ్లలో ఉడికించినా ఆకు పచ్చదనం పెద్దగా బయటికి రాదు, స్పిరిట్‌లో వస్తుంది. పిండిపదార్థం దీనికి సరిగ్గా ఎదురు: ఆల్కహాల్‌లో కరగదు. రంగు పోయి పిండి మిగలడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. 1860ల్లో జర్మనీలో జూలియస్ సాక్స్ అనే వృక్షశాస్త్రవేత్త వెలుతురుకూ ఆకులోని పిండికీ ఉన్న లంకెను అయోడిన్‌తోనే చూపించాడు. ఆకును ఉడికించి, ఆల్కహాల్‌తో కడిగి, అయోడిన్ వేసే పద్ధతి మనదాకా వచ్చింది ఆయన దగ్గర్నుంచే.

స్పిరిట్‌లో నీళ్లు పెరిగేకొద్దీ పత్రహరితాన్ని లాగే శక్తి తగ్గుతుంది. డెబ్బై శాతం పనికిరాదని కాదు, బాగా వేడిగా ఉంటే అదీ లాగుతుంది, కాకపోతే నిదానంగా. దాంట్లో తడి కారుతున్న ఆకును వేస్తే ఇంకాస్త పలచబడుతుంది. అందుకే ముంచిన ఆకును పాత నూలుగుడ్డ మీద అద్దాలి. జిగురు శానిటైజర్‌తో ఇంకో చిక్కు ఉంది: వేడి చేసినా ద్రవం పైకీ కిందికీ తిరగదు, రంగు దిగిన పొర ఆకునే అంటిపెట్టుకుని ఉంటుంది. అది చేతులకే గానీ ఆకులకు కాదు.

కర్నూలు, ఆదోని లాంటి ఊళ్లలో సులువుగా దొరికేవి రెండు. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే చోట బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్, దుకాణంలో ఐపీఏ అంటే ఇస్తారు. సర్జికల్ స్పిరిట్‌లో సాధారణంగా ఉండే ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఐసోప్రొపైల్ 82 దాటాక. కాబట్టి చుట్టూ ఉండే నీళ్లు 85 నుంచి 90 మధ్య ఉంటే ఏదైనా సరే చిన్న బుడగలతో కదులుతుంది. వడ్రంగులు పాలిష్‌కు లక్క కలిపే స్పిరిట్ చవగ్గా వస్తుంది గానీ అందులో మిథనాల్ ఉండొచ్చు. దాని ఆవిరి పిల్లలు పీల్చే గదిలో వాడొద్దు. గోళ్లరంగు తుడిచే అసిటోన్ కూడా పచ్చదనం లాగుతుంది, కానీ 56 డిగ్రీలకే మరిగి గదంతా ఆవిరి నింపుతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ ట్రేలను కరిగిస్తుంది.

నాలుగైదు సెంటీమీటర్ల ఆకుకు 10 మి.లీ. చాలు, ఆకు మునిగితే అంతే. పెద్ద ఆకైనా 20 మి.లీ. ఒక్కసారి పోయకుండా పదేసి చొప్పున రెండుసార్లు పోయండి. మొదటి పది పచ్చబడి ఇక లాగలేని స్థితికి వచ్చాక దాన్ని వంచేసి తాజాది పోస్తే మిగిలింది త్వరగా దిగుతుంది. పొదుపు చేయాలంటే ఇంకో దారి: మొదటి జట్టు రెండో కడుగుకు వాడిన లేతపచ్చ స్పిరిట్‌ను రెండో జట్టు మొదటి కడుగుకు వాడుకోవచ్చు. చివరి కడుగు మాత్రం ఎప్పుడూ తాజా స్పిరిట్‌తోనే.

మంట ఎక్కడ

ఇథనాల్‌కైనా ఐసోప్రొపైల్‌కైనా ఆవిరి అంటుకోగల వేడి పదిహేను డిగ్రీలకు అటూఇటూ. కర్నూల్లో పగటిపూట గది ఎప్పుడూ అంతకంటే వేడే. అంటే మూత తీసిన ప్రతి స్పిరిట్ సీసా నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టే. ఆ ఆవిరి గాలికన్నా బరువు. బల్లమీదుగా జారి, అంచు దాటి, కిందున్న స్టవ్వు దాకా పోతుంది. అంటుకున్నా పగటి వెలుతురులో స్పిరిట్ మంట సరిగా కనిపించదు. అందుకే ఒకటే నియమం: స్పిరిట్ ఉన్న గదిలో మంట ఉండకూడదు. సారాయి దీపం మీద నేరుగా టెస్ట్ ట్యూబు పెట్టే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది మానాలి.

నీళ్లు వంటగదిలో కాచండి, లేదా పక్కగదిలో ఎలక్ట్రిక్ కెటిల్‌లో. మరిగిన వెంటనే ఫ్లాస్కులో పోసి తెస్తే మేడెక్కే లోపు చల్లారవు. మూతలేని క్యానులో తెచ్చినందుకే ఇక్కడ 62కు పడిపోయాయి. 250 మి.లీ. బీకరు కంటే మూతున్న స్టీలు టిఫిన్ గిన్నె మేలు: మూతకు ట్యూబు పట్టేంత రంధ్రం చేస్తే వేడి నిలుస్తుంది. నీళ్లు 75 కిందికి దిగితే వంచేసి కొత్తవి పోయాలి. ట్యూబుకు బిరడా పెట్టొద్దు, ఆవిరి ఒత్తిడికి ఎగిరిపోతుంది. దూది వదులుగా పెడితే చాలు. ఒక్కోసారి స్పిరిట్ మరగకుండా ఊరుకుని, ఉన్నట్టుండి మూతిదాకా ఎగదన్నుతుంది. దీనికి పగిలిన కుండ పెంకు ముక్క, కందిగింజంత, ట్యూబులో ముందే వేయాలి. వేడెక్కిన తర్వాత వేస్తే మాత్రం వేసిన క్షణమే పొంగుతుంది, చేయి కాలేది అప్పుడే. పక్కన తడిపిన గోనెసంచి, ఒక స్టీలు పళ్లెం ఉండాలి. ట్యూబు మూతి అంటుకుంటే ఊదకుండా పళ్లెం బోర్లిస్తే చాలు.

ఆకుల సంగతి

రెండో విడతలో గోంగూర జట్టు తెచ్చిన ఆకును ముంచగానే పచ్చ పోయి గోధుమ వచ్చింది. ఒక పిల్లవాడు "సార్, పచ్చ పోయినాది కదా, ఇంక స్పిరిట్ ఎందుకు?" అన్నాడు. ప్రశ్న తెలివైనదే. గోంగూర పచ్చడి పొయ్యిమీద మగ్గేటప్పుడు రంగు ఎలా మారుతుందో ఇంట్లో రోజూ చూసేదే. ఆకులోని పులుపు పత్రహరితం నడుమనున్న మెగ్నీషియాన్ని తోసేస్తుంది. మిగిలింది ఫియోఫైటిన్, గోధుమ కలిసిన పచ్చ. రంగు మారిందే తప్ప ఆకులోంచి పోలేదు. దాని మీద అయోడిన్ వేస్తే గోధుమ మీద గోధుమ, ఏమీ తెలియదు. స్పిరిట్‌లో రెండు కడుగులు పడ్డాక గోంగూర కూడా లేత గోధుమకు దిగింది, అయోడిన్‌కు బాగా నల్లబడింది. ఇదే ఆకు ఎర్ర ఈనెలదైతే ఇంకోటి గమనించొచ్చు: ఎరుపు ముంచిన నీళ్లలోనే దిగుతుంది, పచ్చ స్పిరిట్‌లో దిగుతుంది. ఏది దేంట్లో కరుగుతుందో చూపడానికి ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు.

ఆకుకూర పచ్చగా ఉండాలని వంటలో చిటికెడు సోడా వేస్తారు కదా, ఇక్కడ వేయకండి. సోడా పత్రహరితం తోకను తెంచి నీళ్లలో కరిగే రకంగా మారుస్తుంది. ముంచిన నీళ్లు పచ్చబడతాయి, ఆకు మెత్తబడి పీచు పీచవుతుంది.

గన్నేరు పరీక్షకు తగదు, పైగా విషం. మైనపు పూత మందం, ముంచడానికీ కడగడానికీ లొంగదు. జిల్లేడుకు పాలు. జామ, మామిడి ఆకుల్లోని వగరు చివర్లో గోధుమ రంగు మిగిల్చి అయోడిన్‌తో కలగాపులగం చేస్తుంది. కానుగ ముదురాకు పదిహేను నిమిషాలు తీసుకుంటుంది, లేతది త్వరగా దిగుతుంది. ఈ ప్రాంతంలో పరీక్షకు నమ్మకమైనవి చిక్కుడు, పొద్దుతిరుగుడు, వేరుశనగ. మందార కూడా వస్తుంది, కానీ జిగురు వల్ల వేళ్లకు జారిపోతుంది.

ఇక ఉల్లికాడ. రెండో విడతలో దాన్ని నిలువునా చీల్చి, ముంచి, కడిగితే మూడు నిమిషాల్లో తడిసిన టిష్యూ కాగితంలా తెల్లబడింది. ఆరింటిలో అన్నిటికంటే శుభ్రంగా తెల్లబడింది అదే. అయోడిన్ వేస్తే పసుపు, అంటే పిండి లేనట్టు. మళ్లీ చేశారు, మళ్లీ పసుపు. జట్టు పిల్లలు తమదే తప్పనుకున్నారు. తప్పు లేదు. ఉల్లి ఆకు తయారుచేసిన ఆహారాన్ని పిండిగా దాచుకోదు, చక్కెరలుగానే ఉంచుకుంటుంది. గడ్డలోనూ అంతే. ఇంట్లో ఒక బంగాళాదుంప ముక్క, ఒక ఉల్లిగడ్డ ముక్క పక్కపక్కన పెట్టి చెరో చుక్క అయోడిన్ వేస్తే తేడా తెలుస్తుంది. స్కూల్లో బెనెడిక్ట్ ద్రావణం (చక్కెరలను పట్టిచ్చే నీలి ద్రావణం) ఉంటే ఉల్లికాడ రసం 2 మి.లీ.కి అంతే ద్రావణం కలిపి, స్పిరిట్లన్నీ మూతపెట్టి తీసేశాక మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే నీలం పోయి ఇటుక రంగు వైపు తిరుగుతుంది. ఉల్లి పండే జిల్లాలో పిల్లలు ఉల్లికాడ తేవడం సహజం. తెస్తే పారేయకండి, చిక్కుడు పక్కన పెట్టి చేయించండి. రికార్డులో మాత్రం "కిరణజన్య సంయోగక్రియ జరగలేదు" అని రాయనివ్వొద్దు. పిండి లేదు అన్నంతవరకే ఈ పరీక్ష చెబుతుంది.

కోసిన వేళ

రెండో విడతలోనూ ఒక చిక్కుడు ఆకు మచ్చలు మచ్చలుగానే నల్లబడింది. పద్ధతి అంతా సరిగ్గానే ఉంది. అది పొద్దున ఎనిమిదిన్నరకు, బడికి వచ్చేటప్పుడు కోసి, ప్లాస్టిక్ కవర్లో సంచీలో పెట్టుకున్నది. మధ్యాహ్నం రెండున్నరకు అదే తీగ నుంచి కోసి వెంటనే ముంచినది అంతటా ఒకే నలుపు. రాత్రంతా ఆకు తన పిండిని కరిగించి చెట్టుకు పంపుతుంది, కాబట్టి పొద్దున ఉండేదే తక్కువ. ఆ మిగిలినదాన్నీ చీకటి సంచీలో ఆరు గంటలు ఊపిరి పీలుస్తూ వాడుకుంటుంది. ఎండ బాగా పడ్డ ఆకును రెండు, మూడు గంటల మధ్య కోసి, పది నిమిషాల్లోపు మరిగే నీళ్లలో పెట్టాలి. నీరు తగలక వడలిన మొక్క ఆకు తీసుకోవద్దు. మధ్యాహ్నం ఎండకు పత్రరంధ్రాలు మూసుకుని దాంట్లో పిండి చాలా తక్కువగా ఉండొచ్చు. వెలుతురు తగలనిచోట పిండి తయారు కాదని చూపడానికి ఆకుకు నల్లకాగితం కట్టి చేసే ప్రయోగానికైతే కుండీ మొక్కను ముందు రెండు రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకు కోసి పరీక్షించి, పసుపు వచ్చాకే కాగితం పెట్టాలి. చాలామంది ఆ ఒక్క ఆకు పరీక్ష చేయరు, తర్వాత కాగితం కింద కూడా నల్లబడితే తలపట్టుకుంటారు.

అయోడిన్ వేసేముందు

స్పిరిట్‌లోంచి తీసిన ఆకు అప్పడంలా పెళుసుగా ఉంటుంది. పటకారుతో తొడిమ పట్టుకుని గోరువెచ్చని నీళ్లలో పది సెకన్లు ముంచి, పళ్లెంలో పరిస్తే మడతలు విప్పుకుంటుంది. తర్వాత చల్లార్చాలి. పిండి, అయోడిన్ కలిసిన నీలం వేడికి నిలవదు. వేడి ఆకుమీద వేస్తే రంగు రాదు, చల్లారాక తిరిగి వస్తుంది. ఎండకాసిన రోజు మేడమీద ట్యాంకు నీళ్లు కూడా కాగినట్టే ఉంటాయి కాబట్టి కుండ నీళ్లు వాడండి.

అయోడిన్ మెడికల్ షాపు టింక్చరైతే అందులో రెండు శాతం అయోడిన్, దాన్ని నీళ్లలో కరిగించి ఉంచే పొటాషియం అయోడైడ్ ఉంటాయి. ఒక మి.లీ.కి తొమ్మిది మి.లీ. నీళ్లు కలిపితే పలచటి డికాషన్ రంగు వస్తుంది, అది చాలు. చిక్కగా పోస్తే ఆకంతా నల్లగోధుమై లేనిచోట కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు నిమిషాలు ఉంచి, నీళ్లతో కడిగి, తెల్ల పళ్లెంలో కిటికీ వెలుతురుకు చూడాలి. చొక్కా మీద పడ్డ మరకకు విటమిన్ సి మాత్ర నూరి నీళ్లతో రుద్దితే పోతుంది.

మిగిలిన పచ్చ స్పిరిట్‌ను సింకులో పోయలేదు. మూడు జట్లది కలిపి ఒక గాజు సీసాలో పోసి, చీకటి మూలన సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి కొట్టి చూపించారు: పచ్చ ద్రవం పక్కనుంచి రక్తంలా ఎర్రగా వెలిగింది. పత్రహరితం పీల్చిన వెలుతురును వాడుకునే చోటు లేక తిరిగి వదలడం అది. సీసా మీద చీటీ అంటించి, "మొదటి కడుగుకు మాత్రమే" అని రాసి, బీరువాలో స్టవ్వుకు దూరంగా పెట్టారు. వెలుతురు తగిలితే వారంలో ఆ పచ్చ వెలిసిపోతుంది కాబట్టి చుట్టూ నల్లకాగితం చుట్టారు.